పైపుకు అయస్కాంతం కడితే పెట్రోలు పెరుగుతుందా?

(షోలాపూర్‌లో మన సంఘం నెలవారీ సభలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



బోనస్ సంగతికి పోయే ముందు కమిటీ తరఫున ఒక తప్పు ఒప్పుకోవలసి ఉంది. మొన్న జనవరిలో గడ్డా జాతర రోజుల్లో ఒక మనిషి మన ఆఫీసుకు వచ్చాడు. చేతిలో చిన్న డబ్బీ, అందులో రెండు అయస్కాంతాలు. పెట్రోలు పైపుకు చెరోవైపు బిగిస్తే పెట్రోలు పూర్తిగా కాలుతుందనీ, బండి లీటరుకు పావు వంతు ఎక్కువ నడుస్తుందనీ, పికప్ కూడా పెరుగుతుందనీ చెప్పాడు. సంఘానికి 2,000 రూపాయలు చందా రాశాడు. మేము వరండాలో బల్ల వేసుకోనిచ్చాము. డబ్బీ ధర 1,400. పదకొండు మంది సభ్యులు కొన్నారు, ఇద్దరైతే అప్పు చేసి మరీ కొన్నారు. ఎందుకు నమ్మారు? సంఘం గడపలో అమ్ముతున్నాడు గనుక నమ్మారు. దాచడం ఎందుకు, మేమూ ఒకటి కొని మా బండికి బిగించుకున్నాము.

మనలో గిరణీలో పనిచేసినవారికి ఒక లెక్క తెలుసు. బ్లోరూంలో 100 కిలోల పత్తి వేస్తే 100 కిలోల నూలు రాదు. వేస్టు పోగా మిగిలిందే నూలు. ఒకడు వచ్చి "నా యంత్రం పెట్టండి, వేస్టు తగ్గి పావు వంతు నూలు ఎక్కువ వస్తుంది" అంటే మనం ఏమడుగుతాము? "అసలు ఇప్పుడు వేస్టు ఎంత పోతోంది?" అని అడుగుతాము. ఆ ఒక్క ప్రశ్న ఆ రోజు వరండాలో మేము అడగలేదు.

సరిగా ఉన్న ఇంజనులో పెట్రోలు ఇప్పటికే నూటికి 98 పాళ్ళకు పైగా కాలిపోతుంది. కాలకుండా పోయేది ఒకటి రెండు పాళ్ళే. ఆ కొంచెం కూడా కాల్చినా పావు వంతు లాభం ఎక్కడి నుండి వస్తుంది? నిజమే, ఇంజనులో నష్టం చాలా ఉంది. పెట్రోలు శక్తిలో సుమారు నాలుగో వంతే చక్రం దాకా చేరుతుంది. కాని మిగతాది సైలెన్సర్ గుండా, సిలిండర్ రెక్కల గుండా పోయే వేడి. అది కాలిన పెట్రోలు వేడి, కాలని పెట్రోలు కాదు. పైపుకు కట్టిన అయస్కాంతం ఆ వేడిని పట్టుకురాలేదు. పెట్రోలు ఇనుపరజను కాదు గదా, అయస్కాంతం చెప్పినట్టు వినడానికి!

ఇటువంటివే ఇంకా ఉన్నాయి. గాలి గొట్టంలో పెట్టే చిన్న ఫ్యాను గాలికి అడ్డం పడుతుంది తప్ప బలం ఇవ్వదు. నీళ్ళ నుండి గ్యాసు తీసి ఇంజనుకు ఇచ్చే కిట్టు ఉంది. నీటిని విడగొట్టే కరెంటు ఎక్కడిది? బ్యాటరీది. బ్యాటరీకి? ఆ ఇంజనే ఇవ్వాలి. ఇచ్చింది ఎక్కువ, తిరిగి వచ్చేది తక్కువ. ఇక 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన బిఎస్-6 పెట్రోలు బండ్లలో ఎంత పెట్రోలు పోయాలో లోపలి కంప్యూటరే సైలెన్సర్‌లోని ప్రాణవాయువును చూసి నిర్ణయిస్తుంది. వాటిలో వైర్లు కోసి ఏదో తగిలిస్తే కంపెనీ వారంటీకి కూడా ముప్పే.

"మరి నా బండి నిజంగానే బాగా నడిచింది" అని ఒక తమ్ముడు వాదించాడు. అబద్ధం కాదు. డబ్బీ బిగించిన రోజే మెకానిక్ ప్లగ్ శుభ్రం చేశాడు, చెయిన్ బిగించాడు, చక్రాల్లో గాలి నింపాడు. 1,400 పెట్టిన మనిషి యాక్సిలరేటర్ కూడా మెల్లగానే తిప్పుతాడు. పేరు మాత్రం డబ్బీకి వచ్చింది. అక్కల్‌కోట్ రోడ్డు ఎమ్.ఐ.డి.సి.లో సాంచెలు నడిపే మరో సభ్యుడు మేము చెప్పినట్టు నోటుబుక్కు పెట్టాడు. అదే దారి, అదే పంపు, ట్యాంకులో అదే గుర్తు దాకా నింపడం. రెండు వారాలు డబ్బీతో, రెండు వారాలు లేకుండా. తేడా అటూ ఇటూ ఊగింది. ఒక వారం డబ్బీ లేనప్పుడే ఎక్కువ నడిచింది.

అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ఇటువంటి పరికరాలను 100కు పైగా పరిశీలించింది. ఏవో కొన్నిటిలో కొద్దిపాటి లాభం కనిపించింది, అంతకు మించి లేదు. మోసపోయామని ఎవరూ సిగ్గుపడనవసరం లేదు. 1996లో తమిళనాడులో రామర్ పిళ్ళై మూలికలతో పెట్రోలు చేశానంటే పెద్ద చదువులవాళ్ళే చుట్టూ చేరారు. అది పెట్రోలియం సరుకులు కలిపిన మిశ్రమమని సిబిఐ కేసు పెట్టింది. చెన్నై కోర్టు శిక్ష వేసేసరికి 2016 అయింది.

పెట్రోలు మిగలాలంటే 1978 నుండి ఉన్న పిసిఆర్ఏ అనే ప్రభుత్వ సంస్థ చెప్పేవి పాత మాటలే. చక్రాల్లో సరిపడా గాలి, గంటకు 45 నుండి 55 కిలోమీటర్ల వేగం, సిగ్నల్ దగ్గర ఇంజను ఆపడం. గాలి చూడడానికి పట్టేది అయిదు నిమిషాలు.

ఇక కమిటీ తీర్మానం. ఆ 2,000 చందా సంఘం ఉంచుకోదు. అప్పు చేసి కొన్న ఇద్దరికీ పంచుతాము, తక్కువైన 800 కమిటీ సభ్యులు తమ జేబుల నుండి వేస్తారు. మిగతా వారి కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాము. 5 లక్షల లోపు సరుకుకు అక్కడ ఫీజు లేదు. ముందు 1915 నంబరుకు ఫోను చేసి నమోదు చేయిస్తాము. రసీదు ఇవ్వని వారికి అతని ఫోనుకు డబ్బు పంపిన గుర్తు ఉన్నా పనికొస్తుంది. ఇకమీదట సరుకు అమ్మేవారికి మన వరండా ఇవ్వము.

ఆదివారం పది గంటలకు రసీదులూ డబ్బీలూ పట్టుకొని ఆఫీసుకు రండి. విప్పుకోలేనివారు బండితోనే రండి, స్క్రూడ్రైవర్ మా దగ్గర ఉంది. మాది నిన్ననే విప్పాము.