ఎడారి మొక్క నేర్పే పొదుపు, మెట్ట రైతుకు దక్కని ధర
(మైత్రీవనంలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మైత్రీవనం చుట్టూ ఎటు చూసినా కోచింగ్ సెంటర్లే. అక్కడ చదివే పిల్లల్లో మన పల్లెల బిడ్డలు చాలామంది ఉన్నారు. వాళ్ల ఫీజులకు కొందరం అప్పు చేశాం, బోర్లకు కొందరం చేశాం. ఇవాళ బోర్ల సంగతి మాట్లాడుకుందాం.

నీళ్లు లేనిచోట ప్రాణి ఎలా బతుకుతుందో ఎడారిని చూస్తే తెలుస్తుంది. నాగజెముడు పగలు తన రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకుంటుంది. మన పెరటి కలబందదీ అదే పద్ధతి. ఒంటె మూపురంలో ఉండేది కొవ్వు, నీళ్లు కాదు. ఒంటి వేడి పెరిగినా అది తొందరగా చెమట పట్టనివ్వదు. దాని మూత్రం చిక్కగా, పేడ పొడిగా ఉంటాయి. అంటే ఇవన్నీ ఉన్న నీళ్లను జాగ్రత్తగా ఖర్చు పెట్టుకుని బతుకుతున్నాయి.

దసరాకు మనం మొక్కే జమ్మి థార్ ఎడారిలోనూ ఉంది. అక్కడ దాన్ని ఖేజ్డీ అంటారు. తెలంగాణకూ, రాజస్థాన్‌కూ అదే రాష్ట్ర వృక్షం. వేళ్లు లోతుకు దిగి తేమ వెతుక్కుంటాయి. అక్కడి రైతులు చేలో జమ్మిని ఉంచి, దాని కిందే సజ్జ పండిస్తారు. ఆకు మేకలకు, కాయ కూరకు.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం నేలకూ ఇలాంటి పంటలే తగినవి. వాన మొహం చాటేస్తే జొన్న ఆకులు చుట్టుకుని, ఎదుగుదల ఆపుకుని కాచుకుంటుంది. చినుకు పడగానే మళ్లీ లేస్తుంది. కొర్ర మూడు నెలల్లో చేతికొస్తుంది.

మరి వీటిని ఎందుకు వదిలాం? తెలివి లేక కాదు. వడ్లకు కొనేవాడున్నాడు, కొర్రలకు లేడు. కేంద్రం ఏటా ప్రకటించే మద్దతు ధరల జాబితాలో జొన్న, సజ్జ, రాగి ఉన్నాయి. కొర్ర, సామ, అరిక, ఉలవల పేరే లేదు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది. ఏడాది గడిచింది గానీ మన కల్లాల దగ్గరికి కాటా రాలేదు. అందుకే వరి కోసం బోరు, అది ఎండితే ఇంకో బోరు, దానికి ఇంకో అప్పు.

నీళ్లు పొదుపు చేయమని మనకు చెప్పేవాళ్లు, ఆ పొదుపుకు ధర కూడా కట్టాలి. మెట్ట పంటలన్నిటికీ మద్దతు ధర, ఊళ్లోనే కొనుగోలు, అదనుకు విత్తనం, బోరు ఎండిన రైతుకు అప్పు నుంచి ఊరట కావాలి. వచ్చే సమావేశానికి మన ఊళ్లో ఎండిన బోర్లెన్ని, మెట్ట పంట వేసిన ఎకరాలెన్ని, రాసుకుని రండి. ఆ లెక్క పట్టుకునే సర్కారును అడుగుదాం.