పందుల దొడ్డి, కూరపాదులు: సిగ్గెందుకు?

(మాదిగపల్లెలో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)

 

నేను బడిపంతుల్ని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటోణ్ణి. నా బి.ఇడి. ఫీజు ఎక్కడి నుంచి వచ్చిందో ఇరవై ఏళ్లు ఎవరికీ చెప్పలేదు. మాయమ్మ ఒక తల్లిపందినీ, దాని ఏడు పిల్లల్నీ అమ్మి కట్టింది. హాస్టల్లో ఎవరన్నా అడిగితే "చేను కుదువ పెట్టాం" అన్నాను. లేని చేనును కుదువ పెట్టినోణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను!

ఇప్పుడు మన కుర్రాళ్లు అడుగుతున్నారు: "సార్, అంబేద్కర్ మురికి పనులు మానమన్నాడు గదా, మళ్లీ ఈ పందులేంది?" మంచి ప్రశ్నే. 1927లో మహద్ సభలో బాబాసాహెబ్ మానమన్నది చచ్చిన గొడ్డు మాంసం, ఊరి ఎంగిలి కూడు. భూమి సంపాదించి సేద్యం చెయ్యమని కూడా ఆ సభలోనే చెప్పాడు. మన దొడ్లో, మన మేతతో, మన లెక్కతో పెంచే పంది ఎంగిలి కూడెట్లా అవుతుంది?

కాలవల్లో వదిలేసే పందిని మాత్రం నేను వెనకేసుకురాను. మనిషి మలంలో ఉండే బద్దెపురుగు గుడ్లు పంది తింటే దాని కండలో సగ్గుబియ్యం గింజల్లాంటి తిత్తులు కడతాయి. ఆ మాంసం సరిగా ఉడక్కుండా తిన్నోళ్ల పేగులో పురుగు పెరుగుతుంది. వాళ్లు మళ్లీ చేలో కూర్చుంటే ఆ గుడ్లు నీళ్లతోనో ఆకుకూరతోనో ఎవరి కడుపులోకైనా పోతాయి. మెదడులో తిత్తులు కట్టి మూర్ఛలు తెస్తాయి. పంది మాంసం ముట్టనోళ్లకు కూడా! ఆ పురుగు కులం చూడదు. అందుకని పందిని దొడ్లో కట్టెయ్యాలి, మనం మరుగుదొడ్డి వాడాలి.

మాయమ్మకు ఈ పని నేర్పింది పక్క పల్లె ఎరుకల అత్త. పంది చూలు మూడు నెలలు, మూడు వారాలు, మూడు రోజులని వేళ్ల మీద చెప్పేది. 114 రోజులని నేను తర్వాతెప్పుడో పుస్తకంలో చదివాను. ఈనే ముందు దొడ్డి గోడకు జానెడు ఎత్తున, జానెడు ఎడంగా వెదురు బొంగు కట్టించేది. తల్లి పడుకునేటప్పుడు పిల్లలు ఆ సందులోకి తప్పుకుంటాయి, నలిగి చావవు. సిమెంటు గచ్చు మీద పుట్టిన పిల్లలకు తల్లిపాలలో ఇనుము చాలదు. మూడో రోజు ఇనుము సూది వేయించాలి.

మేతకు తవుడు, నూక, తెలగపిండి, చిలగడదుంప తీగ, పాదుల్లో పుచ్చిన వంకాయ. హోటల్ ఎంగిలి తెస్తే బాగా మరగబెట్టకుండా పెట్టొద్దు. 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో బయటపడిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ ఎంగిలితో కూడా పాకుతుంది. మనిషికి రాదు గానీ దొడ్లోకి వస్తే పందులు మిగలవు. పాత స్వైన్ ఫీవర్‌కు టీకా ఉంది, పశువుల ఆసుపత్రిలో గట్టిగా అడగండి.

పందిపెంట పచ్చిది పాదులో వెయ్యొద్దు, గోంగూరకూ తోటకూరకూ అసలొద్దు. గడ్డీ ఆకూ కలిపి కుప్ప పోసి, తిరగేస్తూ మూడు నెలలన్నా మాగనివ్వాలి. సర్కారు ఇచ్చిన పదిహేను సెంట్లలో మాయమ్మ ఆ ఎరువుతోనే బీర, సొర, వంగ పెట్టింది. యూరియాకు అప్పు చెయ్యలేదు. ఊరి రైతులు కూడా బండ్లు తెచ్చి మా దిబ్బ ఎరువు తోలుకుపోయారు. వాళ్లకు మా దొడ్డి కంపు, మా ఎరువు మాత్రం కంపు కాదు!

ఇక సర్కారు సంగతి. నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్‌లో పందుల ఫారానికి 50 శాతం సబ్సిడీ ఉంది, 30 లక్షల దాకా. కానీ లెక్క పదుల్లో, వందల్లో తల్లిపందులున్నోళ్లకే. రెండు తల్లిపందులున్న మాయమ్మకు ఆ కాయితంలో గడి లేదు. భూమీ బ్యాంకు పూచీ ఉన్నోడు ఫారం పెడితే పంది కాస్తా పిగ్గరీ అవుతుంది, కంపు పోతుంది, అక్కడ మనం పెంట ఎత్తే కూలీలమవుతాం. రెండు మూడు తల్లిపందులకు కూడా, ఆడోళ్ల పేరు మీద, డి-పట్టా చూపిస్తే చాలని ఆ సబ్సిడీ ఇవ్వాలని మనం అడుగుతున్నాం.

అర్జీ రాసి తెచ్చాను. సభ అయ్యాక సంతకాలు, వేలిముద్రలు పెట్టండి. పేరు పక్కన ఎన్ని పందులో, ఎన్ని సెంట్లో రాయించండి. మొదటి వేలిముద్ర మాయమ్మది. రెండు తల్లిపందులు, పదిహేను సెంట్లు.