వర్తకమును పరిపాలనమును
(వర్తకుల సభలో చేసిన యుపన్యాసము)



ఎన్నికలు సమీపించినప్పుడెల్ల ఒక మాట వినవచ్చుచుండును: "ఆయన లక్షలు గడించినవాడు, వ్యాపారమును నడపినట్లే ప్రభుత్వమును నడపగలడు, ధనవంతుడు గనుక ప్రజాధనమున కాశపడడు." మేమును ఒకప్పుడీ మాట నమ్మి, ఒక వర్తకునికొరకు ఇంటింటికి దిరిగి వోట్లడిగితిమి. ఏడాది తిరుగకమునుపే పురపాలక సంఘపు గుత్తలన్నియు ఆయన బంధువుల పాలయ్యెను. ఆ తప్పులో మాకును భాగము కలదు గనుకనే నేడీ ప్రసంగము.

వర్తకము నేర్పు విద్యలు తక్కువవి కావు. లెక్క సరిగా వ్రాయుట, మాట నిలుపుకొనుట, రాబోవు నష్టమును ముందుగా కనిపెట్టుట పాలకునకును వలసినవే. చిట్టా ఆవర్జాలు చదువనేరక బడ్జెటుపై ఉపన్యసించు న్యాయవాదులు మాలో లేకపోలేదు.

కాని ఇవి చాలునా? హెర్బర్టు హూవరు గనుల వ్యాపారమున ధనము గడించినవాడు. 1914లో యుద్ధ మారంభమైన పిదప బెల్జియము ప్రజలకు ఆహారము చేర్చిన కార్యదక్షుడు. 1929 మార్చిలో అమెరికా అధ్యక్షుడయ్యెను. అక్టోబరులో షేర్ల బజారు కూలెను. పనులు పోయి లక్షలాది జనులు వీథులపాలైనను, కేంద్ర ప్రభుత్వము వారికి నేరుగా సహాయమిచ్చుట తగదని ఆయన పట్టుబట్టెను. 1932లో ప్రజలాయనను తిరస్కరించిరి. 1945లో అధ్యక్షుడైన ట్రూమనో, 1922లో దుస్తుల యంగడి మూసివేసి, ఏండ్లతరబడి అప్పులు తీర్చినవాడు. యుద్ధమున చితికిన పశ్చిమ ఐరోపాకు చేయూతనిచ్చు చట్టముపై 1948లో సంతకము చేసినది ఆయనయే.

కారణము స్పష్టము. వ్యాపారి నష్టము దెచ్చు శాఖను మూయవచ్చును. పాలకుడు కరవు వచ్చిన జిల్లాను మూయగలడా? వ్యాపారి సొంత సొమ్మునకు యజమాని; పాలకుడు పరుల సొమ్మునకు ధర్మకర్త. ధర్మకర్త తన చేతిలోని యాస్తివలన తాను లాభము పొందరాదనుట న్యాయశాస్త్రమున మొదటి పాఠము.

ఈ పాఠము నెరిగిన వర్తకులును కలరు. జమ్నాలాల్ బజాజు ఏండ్లతరబడి కాంగ్రెసు కోశాధికారి, 1928లో వార్ధాలోని తమ లక్ష్మీనారాయణాలయమును అస్పృశ్యులుగా నెంచబడినవారికి తెరిపించెను, చెరసాలకును వెళ్లెను. ఆయనను నాయకుని జేసినది గడించిన ధనము గాదు, దానిని తన సొత్తనుకొనని బుద్ధి.

కావున అభ్యర్థిని "ఎంత గడించితివి?" అని యడుగకుడు. తూకము సరిగా నుండెనా? పనివారికి జీతము వేళకు ముట్టెనా? పదవి వచ్చిన పిదప వ్యాపారమును వెలుపల విడిచివచ్చునా, వెంటబెట్టుకొని వచ్చునా? వీనికి నిలువగలవాడు కోటీశ్వరుడైనను, అంగడి మూసినవాడైనను మన వోటున కర్హుడే.