నోట్లో తెల్లపూత: తుడిస్తే పోయేదీ, పోనిదీ
(సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరపున చేసిన ప్రసంగం)



ఇంతసేపూ పొదుపులు, అప్పుల లెక్కలు విన్నాం. ఇప్పుడు కాసేపు మన నోటి గురించి మాట్లాడుకుందాం. నాలుక మీదో, బుగ్గ లోపలో తెల్లగా కనిపిస్తే "వేడి చేసిందిలే" అని మజ్జిగ తాగి ఊరుకుంటాం. కానీ ఆ తెలుపులో రెండు రకాలున్నాయి. ఒకటి మందు వేస్తే ఒకటి రెండు వారాల్లో నయమయ్యేది. రెండోది ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి తెచ్చేది.

మొదటిది ఫంగస్. డాక్టర్లు త్రష్ అంటారు. క్యాండిడా అనే ఈస్ట్ చాలామంది నోళ్లలో మామూలుగానే ఉంటుంది, ఏ హానీ చెయ్యదు. ఒంట్లో శక్తి తగ్గితే పెరిగిపోతుంది. విరిగిన పాలలా తెల్లగా అంటుకుంటుంది. మెత్తని తడిగుడ్డతో తుడిస్తే చాలావరకు వచ్చేస్తుంది, కింద ఎర్రగా ఉంటుంది. మంట, రుచి తెలియకపోవడం, కారం తినలేకపోవడం దీని గుర్తులు.

ఇది ఎవరికి ఎక్కువ? చంటిపిల్లలకి. షుగరు అదుపులో లేనివాళ్లకి. యాంటీబయాటిక్ బిళ్లలు ఎక్కువ రోజులు వాడినవాళ్లకి. రాత్రి కూడా కట్టుడు పళ్లు తియ్యనివాళ్లకి. ఉబ్బసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చేవాళ్లకి. మన విశాఖలో దుమ్ముకి, పొగకి ఆయాసపడేవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. ఇన్‌హేలర్ మానొద్దు. పీల్చిన ప్రతిసారీ నీళ్లు పుక్కిలించి ఉమ్మెయ్యండి, చాలు.

వైద్యం కష్టం కాదు. నోట్లో పూసే క్లోట్రిమజోల్ మందు గానీ, నిస్టాటిన్ చుక్కలు గానీ ఇస్తారు. ఎక్కువగా ఉంటే ఫ్లూకొనజోల్ బిళ్ల రాస్తారు. గర్భిణులు, షుగరు బిళ్లలు వేసుకునేవాళ్లు ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి. తగ్గినట్టుందని మధ్యలో ఆపెయ్యొద్దు. పాలు తాగే బిడ్డకి వస్తే తల్లి చనుమొనలు కూడా చూపించుకోవాలి, లేకపోతే ఒకరి నుంచి ఒకరికి మళ్లీ వస్తుంది. ఏడాది లోపు బిడ్డ నోట్లో తేనె, బోరోగ్లిజరిన్ రాయొద్దు.

మింగుతుంటే నొప్పి వచ్చినా, మాటిమాటికీ త్రష్ వచ్చినా షుగరు పరీక్షతో పాటు హెచ్ఐవి పరీక్ష కూడా చేయించుకోండి. ప్రభుత్వాసుపత్రిలో ఉచితం, ఎవరికీ చెప్పరు. కేజీహెచ్‌లో ఏఆర్‌టీ కేంద్రం ఉంది. ముందే తెలిస్తే మందులతో నిండుగా బతకొచ్చు. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు.

ఇక రెండోది, తుడిచినా పోని తెల్లమచ్చ. మన ఉత్తరాంధ్రలో పెద్దవాళ్లు చాలామంది అడ్డపొగ తాగుతారు, అంటే నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది నోళ్లు పరీక్షించి, 1971లో ఆ ఫలితాలు అచ్చువేశారు. అడ్డపొగ వల్ల అంగిట్లో వచ్చే మచ్చల గురించే ఆ పరిశోధన. ఆ మచ్చలు కొందరిలో క్యాన్సర్‌గా మారతాయి. గుట్కా, ఖైనీ, జర్దా పాన్ కూడా అంతే. వీటికి ఫంగస్ మందు పనిచెయ్యదు.

తుడిచి చూడడం ఒక గుర్తు మాత్రమే, తేల్చాల్సింది డాక్టరే. రెండు వారాలు దాటినా తగ్గని మచ్చ, పుండు, గడ్డ ఏదైనా కేజీహెచ్ దంత విభాగంలో చూపించండి. అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తారు. క్యాన్సర్ అని తేలినా అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మనకి దగ్గరే.

చుట్ట తాగే అమ్మ, అత్త నోరు తెరిచి చూపించడానికి మొహమాటపడతారు. తిట్టకండి, నవ్వకండి. ఈ ఆదివారం వెలుతురులో కూర్చోబెట్టి, అంగిలి, నాలుక కింద, బుగ్గల లోపల చూడండి. మచ్చ కనిపిస్తే ఒక రోజు కూలి పోయినా పర్లేదు, మీరే వెంట తీసుకెళ్లండి. తోడు లేకపోతే మీ సంఘంలో ఎవరో ఒకరు వెళ్లండి. అప్పు కట్టడానికి ఒకరికొకరం పూచీ ఉన్నట్టే, ఆరోగ్యానికీ ఉందాం.