మూడు గుట్టల యాత్ర – జీర్ణోద్ధారణ ధర్మము



తరింపజేయునది గనుక తీర్థమని పెద్దలు చెప్పినారు. అట్టి తీర్థమునకై కాశీ రామేశ్వరములకే పోవలెనను నియమము లేదు. మన వర్ని నుండి సూర్యోదయమున బయలుదేరి రాత్రికి ఇల్లు చేరదగిన దూరములోనే మూడు గుట్టలు, వాటిపై మూడు ఆలయములు ఉన్నవి. గత కార్తీకమున కొందరు భక్తులతో కలిసి మేము వాటిని దర్శించితిమి. అప్పుడు మాకు కలిగిన ఆలోచనను మీ ముందుంచుచున్నాము.

మొదటిది ఇందూరు ఖిల్లా. ఇందూరనగా నేటి నిజామాబాదు. అచట గుట్టపై కోటగోడల నడుమ రఘునాథుడు కొలువై యున్నాడు. ఆ కోటలోనే పూర్వము కారాగారముండెడిది. నిజాము పాలన తుది దినములలో దాశరథి కృష్ణమాచార్యులు (1925–1987) అందు బందీయై, బొగ్గుతో గోడలపై పద్యములు వ్రాసిరి. కృష్ణావతారము జరిగినది చెరసాలలోనే. రామదాసు రాముని పిలిచినది గోలకొండ చెరనుండియే. కావున ఆ గోడకును నమస్కరించి కదలితిమి.

రెండవది డిచ్‌పల్లి రామాలయము. మెట్లెక్కి పైకి చేరినంతనే గోడలు, స్తంభములు, ద్వారబంధములు అన్నియు శిల్పమయములై కనుపించును. జనులు దీనిని ఇందూరు ఖజురహో అని పిలుచుట ఊరక కాదు. దర్శనము ముగించి వెంటనే దిగిపోవలదు. ఒక్క స్తంభము చెంతనైనను కొంతసేపు నిలిచి చూడుడు. ఉలి పట్టిన ఆ చేతుల ఓర్పే ఒక జపమని తోచును.

మూడవది భీమ్‌గల్ చెంతనున్న లింబాద్రి గుట్ట. నింబమనగా వేప, నింబాద్రియే వాడుకలో లింబాద్రి అయినది. అచట లక్ష్మీనరసింహస్వామి. కార్తీకమున బ్రహ్మోత్సవము, జాతర. చుట్టుపట్ల పల్లెలన్నియు ఆ గుట్టకే నడచి వచ్చును. గుడిని నిలుపునది రాయి మాత్రమే కాదు, ఈ రాకపోకలు కూడనని అచట తెలిసినది.

తిరుగు దారిలో ఒక పల్లెయందు ఆగితిమి. ఊరికై ప్రాణమిచ్చిన వాని వీరగల్లు బట్టలుతుకు బండయై పడియున్నది. పాత గుడి స్తంభములకు భక్తితోనే దట్టముగా రంగులు పూసినారు. శాసనాక్షరములు సున్నము క్రింద మునిగిపోయినవి. చేసినవారు దుష్టులు కారు, తెలియనివారు. తెలిసినవారము మనము చెప్పకపోయినచో ఆ దోషము మనదే యగును.

ఆగమములు జీర్ణోద్ధారణమునకు ప్రత్యేక విధులను చెప్పినవి. క్రొత్త గోపురమెత్తుట పుణ్యమే. ఉన్న గుడిని ఉన్నట్లు నిలుపుట అంతకు మించిన పుణ్యము. శిల్పములపై రంగులు పూయవలదు. రాతిపై పేర్లు గీయవలదు. విగ్రహములు చెక్కిన స్తంభములకు ఆనించి కర్పూరము వెలిగింపవలదు. ఇసుకను వేగముగా చిమ్మి రాతిని శుభ్రపరచు యంత్రములను రానీయవలదు. దానివలన వందల యేండ్లు నిలిచిన అక్షరము ఒక్క పూటలో అరిగిపోవును. మరమ్మతునకు ముందు పురావస్తు శాఖవారిని సంప్రదింపుడు.

మీ ఊరి పొలిమేరలో ఒరిగియున్న రాయిని ఈ వారమే పోయి చూడుడు. దానిపై అక్షరమున్నచో పిల్లలను పిలిచి చూపుడు. మనకు తాతలు అప్పగించిన దానిని మనుమలకు అప్పగించుటయే పితృఋణమును తీర్చుకొనుట.

రఘునాథుడు, నరసింహుడు మనలనందరిని రక్షింతురు గాక. స్వస్తి.