రెండో బండిగా పాత స్పోర్ట్స్ బైకు

ఇంట్లో రోజూ తిరగడానికి ఒక బండి ఉన్నా, 2008లో మన దేశంలోకి వచ్చిన యమహా ఆర్15 లాంటి స్పోర్ట్స్ బైకు మీద మనసుపడే కుర్రాళ్లు వరంగల్, హన్మకొండల్లో చాలామందే. కొత్తది భారమైతే పాతది కొనడంలో తప్పు లేదు. చూసి కొనాలి, అంతే.

బేరానికి పొద్దున్నే వెళ్లండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేస్తేనే దాని అసలు సంగతి తెలుస్తుంది. ముందు ఫోర్కు గొట్టాన్ని తెల్లగుడ్డతో తుడిచి, హ్యాండిల్ పట్టుకుని నాలుగుసార్లు గట్టిగా నొక్కండి. గొట్టం చుట్టూ నూనె గీత పడితే ఆయిల్ సీళ్లు పోయినట్టే. అది చిన్న పనే, మార్పించుకోవచ్చు. ఫోర్కే వంగి ఉంటే మాత్రం బండి గట్టిగా ఎక్కడో పడిందన్నమాట. ఎంత చవకగా ఇచ్చినా వద్దు. టైర్ల వయసూ చూడండి. టైరు పక్కన 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం.

కొన్నాక ముందు బ్రేకులు, కూలెంట్, చైన్ స్ప్రాకెట్ బాగుచేయించండి, రంగులు తర్వాత.

ఇక కాగితాల సంగతి. బండి నంబరు పాత ఏపీ 36 అయినా, టీఎస్ 03 అయినా కొనేముందే ఛాసిస్ నంబరును ఆర్‌సీతో సరిచూడండి. 29, 30 ఫారాల మీద అమ్మినాయన సంతకం తీసుకుని, 30 రోజుల్లోగా బండి మీ పేరిట మార్చడానికి దరఖాస్తు పెట్టండి.