సభ దాటిన బిల్లు
(మేడ్చల్‌లో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికాలో చట్టాలు ఎట్లా తయారవుతాయో చెప్పమని నన్ను పిలిచినప్పుడు, మేడ్చల్‌లో ఈ విషయం ఎవరికి పనికివస్తుందని మొదట సందేహించాను. ఇప్పుడు ఈ సభను చూస్తుంటే, కొడుకునో అల్లుణ్ణో ఆ దేశానికి పంపిన తల్లిదండ్రులు పలువురు కనబడుతున్నారు. వారి పిల్లల గ్రీన్‌కార్డు అక్కడి రెండు సభల నడుమ చిక్కుకొని ఉన్నది. మన పన్నెండు శాతం రిజర్వేషన్ ఢిల్లీలో చిక్కుకొని ఉన్నది. ఈ రెండు చిక్కులూ ఒకటి కావు. ఆ తేడా చెప్పడానికే వచ్చాను.

అమెరికా కాంగ్రెస్‌లో ప్రతినిధుల సభకు 435 మంది, సెనేట్‌కు 100 మంది సభ్యులు. బిల్లును సభ్యుడే ప్రవేశపెట్టాలి. మన మంత్రుల వలె అక్కడి మంత్రులు సభలో కూర్చోరు. ప్రవేశపెట్టిన బిల్లు కమిటీకి వెళ్తుంది. చాలా బిల్లులు అక్కడి నుంచి తిరిగి రావు. కమిటీ గడప దాటినది రెండు సభల్లోనూ ఒకే పాఠంతో నెగ్గాలి, ఒక్క మాట తేడా ఉండరాదు. సెనేట్‌లోనైతే చర్చను ముగించి ఓటింగుకు రావడానికే సాధారణంగా 60 మంది ఒప్పుకోవాలి.

మన పిల్లల సంగతికి వద్దాం. ఉద్యోగాల మీద ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి దక్కరాదన్నది అక్కడి నియమం. పెద్ద దేశమైనా చిన్న దేశమైనా అదే కొలత. అందుకే మనవాళ్ల వరుస అంత పొడవు. దీన్ని తొలగించే బిల్లు 2019 జూలై 10న ప్రతినిధుల సభలో 365–65 ఓట్లతో నెగ్గింది. 2020 డిసెంబరు 2న సెనేట్ కూడా ఆమోదించింది, కాని సవరణలతో. రెండు పాఠాలు కలవలేదు. 2021 జనవరి 3న ఆ కాంగ్రెస్ కాలం తీరింది, బిల్లూ దానితో పాటే ముగిసింది. రెండు సభలూ సరేనన్న కోరిక అట్లా నేలపాలైంది.

మరొక ఉదాహరణ. ముస్లిం దేశాల ప్రయాణికులపై ట్రంప్ పెట్టిన నిషేధం వంటిది మళ్లీ రాకుండా కట్టడి చేసే బిల్లు 2021 ఏప్రిల్ 21న ప్రతినిధుల సభలో 218–208తో నెగ్గి, సెనేట్‌లో ఆగిపోయింది. నిషేధాన్ని బైడెన్ తొలిరోజే రద్దు చేశారు, నిజమే. కాని అది ఒక అధ్యక్షుని ఉత్తర్వు. మరొక అధ్యక్షుని సంతకానికి అది నిలువదు.

అయితే ఆ దారి ఎప్పుడూ మూసుకుపోయి ఉండదు. 1964 పౌరహక్కుల బిల్లును దక్షిణాది సెనేటర్లు వారాల తరబడి ప్రసంగాలతోనే అడ్డుకున్నారు. జూన్ 10న 71–29 ఓట్లతో ఆ ప్రసంగాలకు తెరపడింది. జూలై 2న జాన్సన్ సంతకం చేశారు.

సంతకం సంగతే మనకు ముఖ్యం. రెండు సభలూ పంపిన బిల్లుపై అధ్యక్షునికి ఆదివారాలు మినహా పది రోజుల గడువు. సంతకం చేయాలి, లేదా కారణం చెప్పి తిప్పిపంపాలి. ఏదీ చేయకపోతే, కాంగ్రెస్ సమావేశమై ఉన్నంత వరకు బిల్లు తానే చట్టమవుతుంది. తిప్పిపంపినా, రెండు సభల్లో మూడింట రెండు వంతుల ఓట్లు వస్తే ఆయన కాదన్నా చట్టమే.

ఇక మన దగ్గర. 2007 చట్టంతో వెనుకబడిన ముస్లిం వర్గాలకు వచ్చిన 4 శాతాన్ని 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేసింది. మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది నేటికీ నడుస్తున్నది. సుధీర్ కమిషన్ నివేదిక తర్వాత, 2017 ఏప్రిల్ 16న తెలంగాణ శాసనసభ ప్రత్యేకంగా సమావేశమై ముస్లింలకు 12 శాతం, గిరిజనులకు 10 శాతం ఇచ్చే బిల్లును ఆమోదించింది. మొత్తం 62 శాతం. 1992 నాటి ఇంద్రా సహానీ తీర్పు పెట్టిన 50 శాతం గీత దాటింది కనుక, తమిళనాడు 69 శాతం తీరులో దీనికి రక్షణ కావాలని ఢిల్లీకి పంపారు. మనం ఆ సాయంత్రమే మిఠాయిలు పంచుకున్నాం. నేనూ తిన్నాను. సభ దాటితే పని అయినట్టేనని నమ్మిన వారిలో నేనొకణ్ణి.

అదే బిల్లులోని గిరిజనుల భాగం 2022 సెప్టెంబరులో ప్రభుత్వ ఉత్తర్వుతో అమలుకు వచ్చింది. వారికి న్యాయంగా దక్కవలసినదే, అందుకు సంతోషం. ముస్లింల భాగానికి మాత్రం అట్టి ఉత్తర్వు రాలేదు. ఎందుకు రాలేదని గట్టిగా అడిగిన వారు మనలో ఎందరు?

రాజ్యాంగం 201వ అధికరణాన్ని ఒకసారి చదవండి. రాష్ట్రపతి బిల్లును తిప్పిపంపితే శాసనసభ ఆరు నెలల్లో పునఃపరిశీలించాలి. గడువు మనకు ఉన్నది, రాష్ట్రపతికి లేదు. సభ మళ్లీ ఆమోదించినా బిల్లు మళ్లీ రాష్ట్రపతి వద్దకే వెళ్తుంది, సమ్మతించి తీరాలన్న నియమం లేదు. అమెరికాలో ఉన్న మూడింట రెండు వంతుల దారి ఇక్కడ లేదు. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు గవర్నర్ కేసులో సుప్రీంకోర్టు మూడు నెలల గడువు చెప్పినప్పుడు ఆశ పుట్టింది. నవంబరు 20న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, గడువులు విధించడం న్యాయస్థానాల పని కాదని అభిప్రాయపడింది. అక్కడి బిల్లు గెలుస్తుంది, లేదా తేదీ చెప్పి చస్తుంది. మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఇక్కడి బిల్లు బతికి ఉన్నదో లేదో కూడా తెలియదు.

కనుక ముందు తెలుసుకుందాం. రాష్ట్రపతి పరిశీలనకు వెళ్లే రాష్ట్ర బిల్లులను కేంద్ర హోంశాఖ చూస్తుంది. ఈ బిల్లు నేడు ఏ దశలో ఉన్నది, రాష్ట్రాన్ని ఏ వివరణ అడిగారు, రాష్ట్రం ఎప్పుడు బదులిచ్చింది అని సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. రుసుము పది రూపాయలు, జవాబుకు ముప్పై రోజులు. ఇదొక్కదానికి గడువు ఉన్నది! మేడ్చల్, శామీర్‌పేట రెండూ మల్కాజ్‌గిరి లోక్‌సభ స్థానంలోనివే. ఇదే ప్రశ్నను పార్లమెంటులో లిఖితపూర్వకంగా వేయమని మన సభ్యుణ్ణి కోరుదాం. ఆయన ఏ పార్టీ అన్నది ఇక్కడ అడ్డు కారాదు. శామీర్‌పేటలోనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నది. దాని గోడ చూస్తూ పోయే మన పిల్లల్లో కొందరైనా లోపలికి వెళ్లి చదివే రోజు కోసమే కదా ఈ శాతాల లెక్కంతా.

దరఖాస్తు నమూనా వెనుక బల్ల మీద ఉంచాం. వెళ్లేటప్పుడు ఇంటికొకటి తీసుకొని వెళ్లండి. రాయడం రాని వారికి ఇక్కడి విద్యార్థులు రాసిపెడతారు.